మామ పోలిక

"మీ ఇంట్లో ఇంతకుముందు ఇట్ల ఎవరన్నా ఉండిరా?" అని డాక్టర్ చైత్ర నాగరాజ్‌ను అడిగింది.

చింతామణి పట్నంలో పిల్లలకు మనోవైద్యం చేసే గది అది. అతని కొడుకు, నాలుగేళ్ళ అంబరీష్, నేలమీద కూర్చుని బొమ్మకారు చక్రాన్ని వేలితో తిప్పుతూనే ఉన్నాడు. వాడికింకా మాటలు రాలేదు. పిలిచినా తిరిగి చూడడు. చాలాసేపు వాణ్ణి గమనించిన తర్వాత డాక్టర్, దీన్ని ఆటిజం అంటారనీ, ఇప్పటినుంచే ఓపిగ్గా నేర్పిస్తే మార్పు వస్తుందనీ చెప్పింది.

కెంచార్లహళ్ళిలో బోరు మోటార్లు బాగుచేసే నాగరాజ్ ఆమె ముఖం వంక చూడకుండా, బల్లమీది చెక్క దిమ్మెలను ఒక్కొక్కటే వరసగా పేరుస్తూ విన్నాడు. చివరికి చనిపోయిన మేనమామ బయ్యప్ప పేరు చెప్పాడు. బయ్యప్పకు పెళ్ళి కాలేదు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పశువుల కొట్టంలోనే ఉండి, అక్కడే పోయాడు.

డాక్టర్, నాగరాజ్ పక్కనే ఉన్న అతని తల్లి అక్కయమ్మ వైపు తిరిగి, చిన్నప్పుడు ఎట్లుండేవాడని ఆసక్తిగా అడిగింది.

అక్కయమ్మ కొంగు సర్దుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఐదేళ్ళు దాటినా మాట రాలేదు. పిండిమిల్లు తిరిగితే చెవులు మూసుకుని ఏడ్చేవాడు. పొలం మడవలో పారే నీళ్ళను చూస్తూ పొద్దంతా గడిపేవాడు. గాలి సోకిందని ఊరంతా అంటే తాయెత్తులు కూడా కట్టించారు.

"మరి మాటలు ఎవరన్నా నేర్పించినారా అమ్మా?"

"నేనే. పాలు కావల్లంటే, నోరు తెరిసేదాకా గ్లాసు పట్టుకోని ఎదురుగా కూసుంటాంటి. తొందర పెట్టలే, కొట్టలే. వాడు నీళ్ళకాడ కూసుంటే నేనూ పోయి కూసుంటి. ఒకదినం నా చెయ్యి పట్టుకోని 'నీళ్ళు' అనె."

డాక్టర్ రాయడం ఆపింది. ఏ చదువూ లేకుండా ఇది ఎలా తట్టిందని అడిగితే అక్కయమ్మ, వాణ్ణి చూస్తా చూస్తా తెలిసిందని మాత్రం చెప్పింది.

నాగరాజ్ చేతిలోని దిమ్మెను బల్లమీద పెట్టేశాడు.

"అంత చేసినా ఏమాయెమ్మా? మామ బతుకంతా ఆ కొట్టంలోనే పాయె గదా. నా కొడుకుకూ అంతేనా?"

అక్కయమ్మ మనవడి వైపు చూసింది. తర్వాత మెల్లగా అన్నది.

"బయ్యప్పకు ఎవురూ ఏమీ నేర్పించలేదప్పా. నేను చెప్పిందంతా నీ సంగతే."