మూడు గొంతులు

ట్యాబ్‌ల ఆఫీసు నుంచి ఒకాయన వస్తున్నాడని హెడ్‌మాస్టరు కబురు పంపగానే, ఇంగ్లీషు టీచరు ముప్ఫై ఏడుగురు పిల్లల్ని స్టోరు గదిలోకి తోలేసింది. చప్పుడు చేయకుండా చూడమని ఆయాను వాళ్ళతోపాటే కూర్చోబెట్టింది.

తనిఖీకి కాకపోతే ఎందుకొస్తాడు?

క్లాసులో ముగ్గురే మిగిలారు.

తెర మీది ఇంగ్లీషు వాక్యం చదవడానికి ఆ ముగ్గురూ నోరు తెరిస్తే చాలు, ట్యాబ్ మీద పచ్చటి టిక్కు పడేది. మిగతావాళ్ళు ఇటుక బట్టీల పిల్లలు. వాళ్ళ యాస ఆ యంత్రానికి పడదు. గొంతు చించుకుని చదివినా ఎర్ర ఇంటూ గుర్తే.

సగం టిక్కులు రాని బడినుంచి ట్యాబ్‌లు వెనక్కి పట్టుకుపోతారని రూలు. అవి తెప్పించడానికి టీచరు రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. అవి పోతే బట్టీ పిల్లలు బడికి రావడమే మానేస్తారని ఆమె భయం. అందుకే నలభై ట్యాబ్‌లలోనూ ఆ ముగ్గురి చేతే మాట్లాడించేది.

"పిల్లల కోసమే కదా," అని ఆయాతో అంది ఒకసారి.

"నేనేమన్నానమ్మా?" అంది ఆయా.

వచ్చినాయనకి అరవై దగ్గర పడ్డాయి. భుజాన నలిగిన సంచి, కాళ్ళకి దుమ్ము పట్టిన చెప్పులు.

ముగ్గురూ వరసగా చదివారు. మూడు టిక్కులు పడ్డాయి. ఆయన ముఖంలో మాత్రం సంతోషం కనపడలేదు.

"వీళ్ళు బాగానే చెబుతున్నారమ్మా. మిగతా పిల్లలేరి?"

"జ్వరాలండీ."

"అందరికీనా?"

"ఒకళ్ళనుంచి ఒకళ్ళకి అంటుకుందండీ."

ఆయన సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ నలభై ట్యాబ్‌లలో రికార్డయినవన్నీ ఆఫీసులో విన్నానమ్మా. అన్నిట్లోనూ ఈ మూడు గొంతులే."

టీచరు బల్ల మీది ట్యాబ్‌లను సర్దసాగింది.

"చిన్నపిల్లల గొంతులన్నీ ఒకేలా ఉంటాయి కదండీ."

"నాకు ఇంటూలు పడే పిల్లలే కావాలి. ఒక్క పూట వాళ్ళ మాట వింటే చాలు. ఎవర్నీ ఏమీ అనను."

ఏమీ అననన్నవాళ్ళే అన్నీ రాసుకుపోతారని పదిహేనేళ్ళ సర్వీసులో టీచరు నేర్చుకుంది.

"అలాంటివాళ్ళు మా బడిలో లేరండీ."

ఆయన ఒక ట్యాబ్ అందుకుని తెర మీది వాక్యం తనే చదివాడు. "ది క్యాట్ ఈజ్ అండర్ ది టేబుల్."

ఎర్ర ఇంటూ పడింది. మళ్ళీ చదివాడు. మళ్ళీ ఇంటూనే. మాటను సాగదీసి, చివర మింగేస్తున్నాడు, అచ్చం బట్టీ పిల్లల్లాగే.

ముగ్గురు పిల్లలూ నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. చాల్లే సంబడం, ఈయనా మమ్మల్ని పరీక్ష చేసేది అనుకుంది టీచరు.

"నవ్వనివ్వండి," అన్నాడాయన. "నాకు అలవాటే."

అంతలో స్టోరు గది తలుపు వెనకనుంచి ఒక సన్నటి గొంతు అదే వాక్యం అంది. సాగదీసి, చివర మింగేసి.

ఆ గొంతు గుసగుసది. ఇంటూలు చూసీ చూసీ గొంతెత్తడం మానేసి, ఏం చెప్పినా పెదవుల్లోనే చెప్పే పిల్లకి తోటివాళ్ళు పెట్టిన పేరు అది.

ఆయన చటుక్కున లేచాడు. "ఎవరమ్మా లోపల?"

టీచరు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"చిన్న క్లాసు పిల్లలండీ. వాళ్ళకింకా ట్యాబ్‌లు ఇవ్వలేదు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముగ్గురి గొంతులే రికార్డు చేసుకుని, బస్సు వేళయ్యేదాకా వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. జ్వరం తగ్గి ఎవరైనా వస్తారేమోనన్నట్టు గేటు వైపే చూశాడు.

"ఇదే నా ఆఖరు బడి. మళ్ళీ రావడం కుదరదమ్మా," అన్నాడు వెళ్ళేటప్పుడు. "తలుపు వెనక పాప చక్కగా చెప్పింది. నేనన్నానని ఆ పాపతో అనండి."

టీచరు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. గండం గడిచిందని ఆయాకి టీ తెప్పించింది.

రిపోర్టూ రాలేదు, ట్యాబ్‌లూ పోలేదు.

ఆర్నెల్లకి ట్యాబ్‌లలోకి కొత్త పాఠాలొచ్చాయి. ఇకనుంచి మీ పిల్లలు ఏ యాసలో పలికినా యంత్రానికి అర్థమవుతుందని మొదటి పేజీలోనే రాశారు. పక్క బడుల్లో నత్తి పిల్లలకి కూడా టిక్కులు పడుతున్నాయని తెలిసి టీచరు సంబరపడిపోయింది.

"రావే తల్లీ, ముందు నువ్వే చదువు," అని గుసగుసని పిలిచింది. "ఇంక భయం లేదట."

గుసగుస గట్టిగా ఊపిరి పీల్చుకుని, క్లాసంతా వినేలా చదివింది.

ఎర్ర ఇంటూ పడింది.

పిల్ల ట్యాబ్‌ని బోర్లించి, వెళ్ళి తన చోట కూర్చుంది. టీచరు అప్పటికప్పుడు ట్యాబ్‌ల ఆఫీసుకి ఫోను చేసింది.

"మా ఒక్క బడిలోనే ఎందుకు పనిచేయట్లేదండీ?"

అవతలి అమ్మాయి వివరాలు చూసి చెప్పింది.

"బట్టీ పిల్లలున్న బడి మీదొక్కటే మేడమ్. మీ దగ్గర్నుంచి మూడు గొంతులే వచ్చాయి, వాటిలో బట్టీ యాస ఒక్కటీ లేదు. ఎన్నడూ వినని మాట దానికెలా అర్థమవుతుంది?"

"అయితే ఆ ఇన్‌స్పెక్టరుగారిని ఇంకొక్కసారి పంపండమ్మా. ఈసారి అందర్నీ కూర్చోబెడతాను."

"ఇన్‌స్పెక్టరా? గొంతులు రికార్డు చేసుకోవడానికొచ్చినాయనా? ఆయన పోయిన నెల రిటైరయ్యారు మేడమ్. గొంతులు తీసుకునే పని కూడా ఆయనతోనే ఆపేశారు. అసలు మీ బడికి మేం పంపలేదు, సెలవు పెట్టుకుని ఆయనే వచ్చారు."

"ఎందుకు?"

"ఆ యంత్రానికి వినడం నేర్పింది ఆయనే మేడమ్, ఇటుక బట్టీలో పుట్టి పెరిగిన మనిషి, వెళ్ళిపోయేలోగా మావాళ్ళ మాట కూడా దాని చెవిన వేసి పోతానని మీ దగ్గరికి బయల్దేరారు."