ఎడమకాలి పట్టు

"సరిగ్గా పట్టుకోవే! పువ్వును పట్టుకున్నట్టు పట్టుకుంటావేంటి?"

అక్క పళ్ళ బిగువున అంది. మ్యాట్ మధ్యలో ఇద్దరి నుదుళ్ళూ ఆనుకుని ఉన్నాయి కాబట్టి ఆ మాట చెల్లెలికి తప్ప ఇంకెవరికీ వినపడలేదు.

"పట్టుకునే ఉన్నాగా," అంది చెల్లెలు రొప్పుతూ.

"అబద్ధాలాడకు."

కుస్తీ జట్టులో యాభైమూడు కిలోల వాళ్ళకి ఉన్నది ఒకే ఒక్క చోటు. ఎనిమిది నెలల కిందటి దాకా అది అక్కదే. నడుములో డిస్కు జారి ఆమె మంచాన పడ్డాక చెల్లెలికి వచ్చింది. ఆ హాల్లో ఒక కట్టుబాటు ఉంది. పోయిన చోటు మళ్ళీ కావాలంటే సిఫారసులు పనిచెయ్యవు. అందులో ఉన్నవాళ్ళని మ్యాట్ మీద పడగొట్టి తీసుకోవాల్సిందే, తోడబుట్టినవాళ్ళయినా సరే.

తీసుకోవడానికే వచ్చింది అక్క. కానీ ఇదేం ఆట? అక్కకి పేరు తెచ్చిన పట్టు ఎడమకాలి మీదే. ఎదుటివాళ్ళ ఎడమకాలు చిక్కితే చాలు, ఎత్తి అవతల పడేస్తుంది. ఆ సంగతి అందరికన్నా చెల్లెలికే బాగా తెలుసు. తెలిసి కూడా ఆ కాలినే ముందు వదిలేసి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అందిస్తోంది. అక్క రెండుసార్లు పట్టింది. రెండుసార్లూ పాయింట్లు వచ్చాయి. రెండుసార్లూ ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

మొదటి రౌండు అయిపోయిందని ఈల మోగింది. అక్క మూలకి వెళ్ళి కూర్చుని, డాక్టరు నేర్పిన పరీక్ష అలవాటుగా చేసుకుంది. బూటు లోపలే బొటనవేలు పైకెత్తి చూసుకుంది. లేచింది. దగ్గి చూసుకుంది. నడుములోంచి కాల్లోకి ఏమీ పాకలేదు. "నొప్పికి కాదమ్మా, తిమ్మిరికి భయపడు. నొప్పి తగ్గి కాలు మొద్దుబారితే బాగైనట్టు కాదు, నరం నలుగుతున్నట్టు," అని ఆయన చెప్పిన మాటలు ఆమెకి కంఠతా వచ్చు. రాక ఏం చేస్తాయి? రెండు నెలలు వంగి మొహం కడుక్కోలేకపోయింది. గోడ పట్టుకుని గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. ఆ అడుగులు లెక్కపెట్టింది చెల్లెలు. బూట్లకి లేసులు కట్టింది చెల్లెలు. విసుక్కుంటే పడింది చెల్లెలు. ఇప్పుడు గెలుపు కూడా ఆవిడగారే పెట్టాలా? అదే అక్క గుండెని కోస్తోంది.

"బాగా ఆడుతున్నావు," అన్నారు మాస్టారు, నీళ్ళ సీసా అందిస్తూ.

"నేనాడటం లేదు మాస్టారూ. అది ఆడిస్తోంది."

"నీ మొహం. వెళ్ళు, వెళ్ళు."

రెండో రౌండులో నుదుళ్ళు ఆనగానే అక్క మళ్ళీ అందుకుంది.

"నా మీద జాలి చూపించావంటే చంపేస్తాను."

"జాలేంటక్కా?"

"నోర్మూసుకుని ఆడు."

చెల్లెలు ఈసారి మెడ గట్టిగానే పట్టింది. ఒక్క క్షణం అక్కకి ప్రాణం లేచొచ్చింది. అంతలో తను ముందుకు తొయ్యగానే ఆ ఎడమకాలు మళ్ళీ ఎక్కడిదక్కడే ఉండిపోయింది. వెనక్కి తీసుకునే ప్రయత్నమైనా కనిపించలేదు. అక్కకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ తనకి చాకిరీ చేసిన పిల్లని కొట్టాలనిపించింది. కాలు దొరకబుచ్చుకుని, నడుమెత్తు దాకా లేపి, ఉన్న బలమంతా పెట్టి విసిరేసింది. చెల్లెలు వెల్లకిలా పడింది. రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనాయి. ఈల మోగింది.

హాలంతా చప్పట్లు. డిస్కు జారినవాళ్ళు మళ్ళీ మ్యాట్ ఎక్కడమే గొప్పనుకుంటే, ఈ పిల్ల ఏకంగా పడగొట్టి గెలిచిందని మాస్టారు మురిసిపోయారు. అక్క చెయ్యి పట్టుకుని పైకెత్తారు. ఆ చెయ్యి దించేసరికి కూడా చెల్లెలు లేవలేదు. ఇద్దరమ్మాయిలు చెరో రెక్క పట్టుకుని బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్ళారు.

'నాటకాలు,' అనుకుంది అక్క.

మెచ్చుకుంటున్నవాళ్ళందరినీ తోసుకుంటూ వెళ్ళి తలుపు ధడాలున తీసింది. ఆమె మొహం చూసి ఆ అమ్మాయిలిద్దరూ మెల్లగా జారుకున్నారు. చెల్లెలు బల్ల మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉంది.

"ఎందుకే ఇలా చేశావు? నేనేమైనా ముష్టి అడిగానా నిన్ను?"

చెల్లెలు మెడ మీది చెమట తుడుచుకుంది.

"ఓడిపోయినా ఏడ్చేదాన్ని కాదే. నా చెల్లెలు నన్ను పడగొట్టిందని ఊరంతా చెప్పుకునేదాన్ని. ఇలా గెలిపించి నా ఎనిమిది నెలల కష్టాన్ని బూడిదలో పోశావు."

"గెలిచావుగా అక్కా. ఇంక వదిలెయ్."

"వదలను. పద మాస్టారి దగ్గరికి. ఈ ఆట చెల్లదని చెబుతాను. రేపు మళ్ళీ ఆడదాం. రేపు నువ్వు నిజంగా ఆడాలి. నా మీద ఒట్టు వెయ్."

చెల్లెలు కదల్లేదు.

"లేవవే!" అక్క రెక్క పట్టుకుని లాగింది.

చెల్లెలు తన ఎడమ తొడని రెండు చేతులతో ఎత్తి, ఆ కాలిని బల్ల అంచు దాకా జరిపింది. అక్కడితో ఓపిక అయిపోయినట్టు ఆగి, అక్క మొహంలోకి చూసింది.

"నేనేమీ వదిలెయ్యలేదక్కా, గెలవాలనే ఆడాను," అంది. "మూడు వారాలుగా మోకాలి కింద నాకేమీ తెలియట్లేదు."