గొంతు సాక్ష్యం

సూర్యప్రభ బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. ఒకటి మూడు వందల పేజీల టైపు ప్రతి. మురళీకృష్ణది. రెండోది దారంతో కట్టిన నాలుగు నోటుబుక్కులు. సాయికుమార్‌ది.

లోపల ఉన్నది మాత్రం ఒకే పుస్తకం.

"కొత్తపేట మార్కెట్లో బత్తాయిలమ్మే ఈరమ్మ దీంట్లోనూ ఉంది, దాంట్లోనూ ఉంది," అంది సూర్యప్రభ. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ ఆమెదే. "ఇద్దరిలో ఒకరు చూసి రాశారు. ఎవరు?"

సకల జనుల సమ్మె ముగిసి వారమైంది. పిల్లలు సగంమంది తిరిగి రాలేదు. సొంత వ్యాపారం ఎలా మొదలుపెట్టాలో నేర్పే ఆ కోర్సుకు ఇక ఒక్క లెక్చరర్ చాలు. మంచి పాఠ్యపుస్తకం రాసినవాళ్ళే ఉంటారని ఆమె వేసవిలోనే చెప్పింది.

మురళీకృష్ణ తన టైపు ప్రతిని దగ్గరికి లాక్కున్నాడు. ఆర్నెల్లు! ఎల్బీనగర్‌లో గది తలుపులు వేసుకుని, లాప్‌టాప్‌తో కాపురం చేశాడు. వింటే టైపు చేసే ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్ అది. మైకులో చెప్పినా, చిన్న రికార్డరులో పట్టి వినిపించినా రాసిపెడుతుంది. ఓపిగ్గా దానికి గొంతు అలవాటు చేశాడు. 'బత్తాయి' అని వినబడితే మొదట్లో 'బట్ ఐ' అని కొట్టేది. దిద్దాడు. మళ్ళీ వినిపించాడు. మళ్ళీ దిద్దాడు. రోజుకు పేజీ రాయలేనివాడు పది పేజీలకు వచ్చాడు.

స్టాఫ్‌రూములో గర్వంగా చెప్పుకున్నాడు కూడా. "పెంపుడు కుక్కలాంటిదండీ. ఒక్క గొంతే గుర్తుపడుతుంది. ఇంకెవరు పిలిచినా పలకదు."

ఆ వాక్యాల్ని ఎన్నిసార్లు దిద్దాడో, నిద్రలో కూడా అవే అతని నోటికొచ్చేవి. ఇప్పుడవి మరొకరి చేతిరాతలో కనబడుతుంటే, తన మొహం తగిలించుకుని ఎవరో ఎదురుగా కూచున్నట్టుంది.

"సాయీ, నిన్ను తమ్ముడనుకున్నాను," అన్నాడు చివరికి.

"నేను గూడ మిమ్మల్ని అన్ననే అనుకున్న సార్. గీ పాఠాలు నాయి. క్లాసుల ఏం చెప్పిన్నో గదే రాసిన."

"మేడమ్, మా ఇద్దరి క్లాసులకీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. దగ్గితే అవతలికి వినబడుతుంది. చెవి ఆనించి కూచుంటే పుస్తకమేం ఖర్మ, గ్రంథాలయమే తయారవుతుంది! అయినా రింగురోడ్డు దగ్గర సమ్మె టెంట్లో కూచున్నవాడికి రాసే తీరికెక్కడిది?"

"టెంట్లనే రాసిన సార్. నలభై దినాలు ఊకె నినాదాలిస్తమా ఏంది? జర గొంతుకు రెస్టియ్యొద్దా?"

సూర్యప్రభకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

"మురళీకృష్ణ గారూ, మీదీ మాదీ తెనాలే. ఊరు చూసి తీర్పు చెప్పానని రేపు ఎవరూ అనకూడదు. మీ యంత్రాన్నే అడుగుదాం. ఒక్క గొంతే గుర్తుపడుతుందన్నారుగా?"

మురళీకృష్ణ బ్యాగు జిప్పు సగం తీసి ఆగాడు. తర్వాత బ్యాగులోంచి లాప్‌టాప్ తీశాడు. హెడ్‌సెట్ పెట్టుకుని మొదటి పాఠం చదివాడు.

తెర మీద అక్షరాలు తడబడ్డాయి. ఈరమ్మ 'ఎర్రర్' అయింది. బత్తాయి 'బట్ ఐ' అయింది.

"జలుబు చేసిందండీ," అన్నాడు.

హెడ్‌సెట్ సాయికుమార్ చేతికొచ్చింది. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది మేడమ్, గిది ఎట్ల పెట్టుకుంటరు?"

తలకిందులుగా తగిలించుకున్నాడు. మైకు కనుబొమ్మ దగ్గరికి వచ్చింది. సూర్యప్రభే లేచి సర్దింది. నోటుబుక్కు తెరిచి, నల్గొండ యాసలో ఆ ఇంగ్లీషంతా గడగడా చదివాడు.

వాక్యాలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి. బత్తాయి దగ్గర కూడా యంత్రం ఆగలేదు.

"చూశారా మేడమ్!" మురళీకృష్ణ కుర్చీలోంచి లేచాడు. "నా వెనక దీనికి వీడు తన గొంతు నేర్పాడు!"

"హెడ్‌సెట్ పెట్టుకోవడం రానివాడా?" అంది సూర్యప్రభ మెల్లగా.

మురళీకృష్ణ లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. ఆర్నెల్లు సాకినందుకు ఇదా నువ్వు చేసింది అన్నట్టు, తెర మీద మెరుస్తున్న ఆ తప్పుల్లేని పేజీ వంక చూస్తూ ఉండిపోయాడు.

దాని తప్పు మాత్రం ఏముంది, ప్లైవుడ్ చెక్కల సందులో రికార్డరు పెట్టి రోజూ పట్టి తెచ్చిన సాయికుమార్ గొంతు తప్ప, ఆర్నెల్లలో మురళీకృష్ణ దానికి మరో గొంతు వినిపించలేదు.