హనుమాయమ్మ వంతు

2002 ఫిబ్రవరి పదిహేడు, రాత్రి. చిక్కుడుకాయ కూరతో బుల్లయ్య మేష్టారు రెండు ముద్దలు తిన్నారో లేదో, అద్దంకి రిక్రియేషన్ క్లబ్బు వాచ్‌మన్ మార్కు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"హాల్లో మళ్లీ టక్కు టక్కుమంటందండీ. ఎలకలు క్యారమ్స్ ఆడతాయా మేష్టారూ? నేను మాత్రం లోపలికి రాను."

పొగాకు బాగా పండిన రోజుల్లో కట్టిన హాలు అది. పేకాట, రేడియో, శనివారాలు ఆడవాళ్లకు క్యారమ్స్. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక జనం తగ్గిపోయారు. చివరిదాకా ఆడింది మేష్టారు, ఆయన భార్య హనుమాయమ్మ. కిందటేడు ఆట మధ్యలో ఆమె కుర్చీలోనే వెనక్కి ఒరిగి కన్నుమూసింది. బాధపడకుండా పోయింది, అదే ఆయనకు ఊరట. ఆ బోర్డును కదపనివ్వకుండా దుప్పటి కప్పి, హాలు తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నారు.

మేష్టారు వెళ్లి హాలు తలుపు తీసి టార్చి వేశారు. దుప్పటి మడతపెట్టి బెంచీ మీద ఉంది. బోర్డు మీద పౌడర్ కొత్తగా చల్లి ఉంది. ఆమె తెల్ల కాయిన్లలో ఒకటి తగ్గింది. స్ట్రైకర్ ఆయన వైపు గీత మీద ఉంది.

మేష్టారు తన కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు మిగిలింది ఒక్క నల్ల కాయిన్. పాకెట్ అంచునే ఉంది, ఊదినా పడుతుంది. పడితే ఆట అయిపోతుంది.

ఆయన కావాలనే పక్కకు కొట్టి, స్ట్రైకర్ ఆమె వైపు పెట్టారు. ఎదుటి ఖాళీ కుర్చీ కిర్రుమంది.

"ఏముందండీ లోపల?" బయటినుంచి మార్కు గొంతు.

మేష్టారు మెల్లగా లేచారు. తలుపు తీసి ఉంచితే గాలికి పౌడర్ పోతుందని ఆమె ఎప్పుడూ విసుక్కునేది. వెనకడుగులతోనే బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూశారు.