మన వాళ్లు లేని ఊరు

"మరక్కాణంలో పడవెక్కుతాం. సద్రాసులో మా అక్కింట్లో ఒక దినం, మహాబలిపురంలో మామ ఇంట్లో ఒక దినం..."

పురుషోత్తమన్ నేలమీద సుద్దతో కాలువ గీసి, మద్రాసు దాకా ఊళ్లు చూపిస్తున్నాడు. రెండేళ్లు మంచంలో ఉండి కన్నుమూసిన తన తల్లికి చాకిరీ చేసిన భార్యను ఇన్నాళ్లకు పుదుచ్చేరి ఫ్రెంచి ఎల్ల దాటిస్తున్నానని అతని సంబరం.

చెంగమ్మ గోడకు చేరగిలబడింది. "మీ అక్కకు నడుంనొప్పి. ఆడ వంట నేనే గదా?"

"ఒక్క దినమే."

"మామకు పత్తెం వంట. అదీ నేనే." ఆమె కళ్లు మూసుకుంది. "మన వాళ్లు లేని ఊరు యాడా లేదా?"

అతను సుద్దగీత వెంబడి వేలు జరుపుతూ వెతికాడు. "ఊళ్ల నడమ ఉత్త నీళ్లే, చెంగమ్మా."

"ఆడ ఆపమను పడవను. నేను పండుకోవాల."

పురుషోత్తమన్ ఊళ్లన్నీ అరచేత్తో తుడిచేశాడు.

"గంజి నేను కాస్తాలే," అన్నాడు.

ఆమె అప్పటికే నిద్రపోయింది.