అక్క కన్నా ఒక రోజు పెద్ద

"ఒక్క రోజు ఎక్కువైందమ్మాయ్. నీకు ఉద్యోగం లేదు" అన్నాడు గుమాస్తా.

తపాలా ఆఫీసులో ఆయన్ని అందరూ కొలబద్ద అంటారు. ఏ ఊరు ఎంత దూరమో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అంగుళం అటూ ఇటూ పోనివ్వడు.

ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగాలు రెండున్నాయి. వయసుకు గీత గీశారు. పుట్టింది ఫలానా ఏడాది, ఫలానా నెల ఐదో తారీఖైనా కావాలి, ఆ తర్వాతైనా కావాలి. దరఖాస్తుకు ఇవాళే ఆఖరు. ఇంకో పది నిమిషాల్లో కిటికీ మూసేస్తారు.

కిటికీ ముందు అక్కాచెల్లెళ్ళు. అక్క రివటలా ఉంటుంది. చెల్లెలు గుమ్మడిపండు. అక్కది ఐదో తారీఖు, గట్టెక్కింది. చెల్లెలిది నాలుగు.

కొలబద్ద కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఆగాగు. మీలో అక్కెవరు?"

"ఇదే" అంది చెల్లెలు, పక్కకు చూపించి.

"మరి నువ్వు ఒక రోజు ముందు పుట్టావేం?"

"నేనెక్కడ ముందు పుట్టాను సార్! అదే ముందు. మేం కవలలం."

"ముందు పుట్టింది ఐదున, వెనక పుట్టింది నాలుగునా? ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే విన్నాను గానీ, కొమ్ములు ముందు రోజే రావడం ఎక్కడా వినలేదమ్మా!"

అక్క కిసుక్కున నవ్వింది.

"నవ్వకే! నా ఉద్యోగం పోతుంటే ఇకిలింపులొకటి" అని చెల్లెలు దాన్ని గిల్లింది.

కొలబద్ద వేలు కాగితం మీద ఇంకాస్త కిందికి జారింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"దీని కాగితం మీద ఈ ఊరు. నీ కాగితం మీద ఆ ఊరు! ఆరువందల పది కిలోమీటర్లు తల్లీ! బస్సులో పన్నెండు గంటలు. రైల్లో తొమ్మిది. మీ అమ్మ ఇక్కడ ఒకదాన్ని కని, కొంగు దులుపుకుని రైలెక్కి, నిన్నటి రోజుకు పోయి రెండోదాన్ని కన్నదా?"

వెనక వరుసలో జనం గొల్లుమన్నారు.

"కన్లేదండీ, విసిరేసుంటుంది!" అన్నాడెవరో.

"అమ్మతోడు సార్, అంతా నిజం" అంది చెల్లెలు. గొంతులో ఏడుపు, పెదాల మీద నవ్వు, రెండూ ఒకేసారి వచ్చాయి.

కొలబద్దకి పౌరుషం పొడుచుకొచ్చింది. ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. ఒక్క లెక్క తప్పలేదు. అది ముందు, నువ్వు వెనక పుట్టారని నా బుర్రకెక్కేలా చెప్పు. అందరి ముందూ నీ దరఖాస్తు మీద ఈ ముద్ర గుద్దేస్తా. చెప్పలేకపోయావో, దొంగ కాగితాలని ఇద్దరివీ చించేస్తా!"

అక్క నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"చెప్పవే తల్లీ, త్వరగా చెప్పు" అంది.

చెల్లెలు గుక్క తిప్పుకోకుండా అందుకుంది.

"విమానంలో యాభై ఐదు నిమిషాలే సార్, ఇక్కడ ఎక్కిన మా అమ్మకి అర్ధరాత్రి దాటగానే గాల్లో అక్క పుట్టింది, దానికి ఎక్కిన ఊరే రాశారు, పావుగంటకి కిందికి దిగీ దిగగానే నేను పుట్టాను, సరిహద్దు అవతలున్న ఆ ఊరి గడియారమేమో మన గడియారానికి గంట వెనక!"