ఆయన గొంతున్న తీగ

యంత్రం తగిలించగా తన బాధ తానే చెప్పుకునే ద్రాక్షతీగకు ఇంట్లోవాళ్ల గొంతు పెడితే రైతు నిర్లక్ష్యం చెయ్యడనుకున్నారు నిపుణులు. అనంతపురం తోటల్లో అందరూ పోయినవాళ్ల గొంతులే పెట్టుకున్నారు. దాంతో తెగులొచ్చినా ఎవరికీ నరకడానికి చేతులు రాలేదు. తెగులు తోటతోటకూ పాకింది.

చివరికి తెగుళ్ల డాక్టరు, పురుగుల శాస్త్రవేత్త, ఇంజనీరు కలిసి తెగులు తీగను నరికించడానికి ఓబుళమ్మ పందిరి కిందికి వచ్చారు.

"ముందు గొంతు ఆపేస్తానమ్మా," అన్నాడు ఇంజనీరు.

"వద్దు సార్. పాణం పోయేటప్పుడు ఆస్పత్రిలో మా ఆయన దగ్గరికి నన్ను పోనీలేదు. ఈసారన్నా ఆఖరి మాట ఇంటా."

తీగ ఆయన గొంతుతోనే అంది: "దప్పికైతాంది మే."

తెగులు తీగకు నీళ్లు పెట్టకూడదు. అయినా ఓబుళమ్మ చెంబు నీళ్లలో తులసాకు వేసి తీగ మొదట్లో పోసింది. ముగ్గురూ పక్కకు జరిగి నిలబడ్డారు.

నీళ్లు ఇంకేదాకా చూసి, "ఇంగ నరకండి," అంది.